వెనక్కి తీసుకున్న పేపరు

పోయిన నెలలో సార్ పోయారు. పోయిన మూడో రోజున మా పరిశోధన కేంద్రం వాళ్ళు ఆయన ఫొటో పెట్టి, వెబ్‌సైటులో ఒక పేజీ సంతాపం వేశారు. కింద ఆయన పేపర్ల జాబితా ఇచ్చారు. కాలేయానికి వచ్చే వైరస్ జబ్బుల మీద ముప్పై ఏళ్ళకు పైగా ఆయన రాసిన పరిశోధన వ్యాసాలన్నీ ఏడాది వారీగా వరసన ఉన్నాయి. నేను తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. ఒకటి ఉండదేమోనని నా అనుమానం. అనుకున్నట్టే లేదు. వెంటనే ఫోన్ చేసి అడిగాను.

"అది వెనక్కి తీసుకున్న పేపరు కదా మేడం, సంతాపంలో అదెందుకని మేమే తీసేశాం" అన్నారు అవతలివాళ్ళు, ఆయనకేదో మేలు చేసినట్టు.

నాకు ఒళ్ళు మండింది. సార్ తన జాబితా తనే టైపు చేసుకునేవారు. అందులో ఆ పేపరు దాని ఏడాదిలో, దాని చోట్లోనే ఉండేది. పక్కన 'వెనక్కి తీసుకున్నాను, తప్పు నాది' అని కూడా ఉండేది. బతికున్నప్పుడు ఆయన దాచుకోని దాన్ని, పోయాక దాచిపెట్టడానికి వీళ్ళెవరు? ఆ మాటే అడిగాను. చూస్తామన్నారు. సరే, వాళ్ళ సంగతి తర్వాత తేలుస్తాను. ముందు ఆయనెలాంటివారో చెప్పనివ్వండి.

మా ఆఫీసు రాయదుర్గంలో ఉంది. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల భవనాలు, వాటి మధ్య నాలుగో అంతస్తులో మా ల్యాబు. నాది పుప్పాలగూడ. అక్కడ అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ ఉన్నవాళ్ళం. రక్తం తీయడం నేర్చుకుని ఆ ల్యాబులో చేరాను. సార్‌ది కోస్తా. ఎవరితో మాట్లాడినా 'అండి' లేకుండా మాట వచ్చేది కాదు. మెట్రో స్తంభం పక్కన బండి మీద టీ అమ్మే ఆయనను కూడా "ఒక టీ ఇప్పిస్తారా అండీ" అని అడిగేవారు. ఈయన తనను ఆటపట్టిస్తున్నాడేమోనని ఆ టీ ఆయన మొదట్లో మొహం మాడ్చుకునేవాడట. కంప్యూటరు మొరాయించినా అంతే. "తెరుచుకోండి, తెరుచుకోండి" అంటూ దాన్ని కూడా బతిమాలుకునేవారు. మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం.

ఆయన కారు నడిపే తీరు ఇంకో వేడుక. నల్లగండ్ల నుంచి ల్యాబుకు వచ్చేసరికి వెనకాల హారన్ల ఊరేగింపు ఉండేది. నలభై దాటనిచ్చేవారు కాదు. ఒకసారి లిఫ్టిస్తానంటే ఎక్కి, దిగేటప్పుడు ఇంకోసారి ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంత నెమ్మదస్తుడికీ ఒక యావ ఉండేది. ఒక పరిశోధకుడు రాసిన పేపరును ప్రపంచంలో ఇంకెవరైనా తమ పేపర్లో ప్రస్తావిస్తే అది ఆయన ఖాతాలో ఒకటి పెరుగుతుంది, ఆ సంఖ్య ఫోన్లో కనిపిస్తుంది. పొద్దున లిఫ్టు ఎక్కగానే సార్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని ఆ సంఖ్య చూసుకునేవారు. పెరిగితే నాలుగో అంతస్తు వచ్చేదాకా పెదవుల మీద నవ్వు ఆగేది కాదు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఇద్దరు పెరిగారండి" అని లిఫ్టులో ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలకు చెప్పేవారు. వాళ్ళకేం అర్థమవుతుంది, "కంగ్రాట్స్ అంకుల్" అనేవారు. ఆయన దానికీ పొంగిపోయేవారు. పెద్ద మనిషే, కానీ ఆ ఒక్క విషయంలో మాత్రం పసిపిల్లాడే.

ఆయన పెట్టుకున్న ఆచారం ఒకటుంది. నేను ఇంకెక్కడా చూడలేదు. పేపరు అచ్చయ్యాక, దానికోసం రక్తమిచ్చిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి దాన్ని చదివి వినిపించేవారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెలుగు చేసి చెప్పేవారు. "వాళ్ళ రక్తం తీసుకుని మనం పేరు తెచ్చుకున్నామండి. ఏం రాశామో చెప్పకపోతే దొంగతనం కాదూ?" అనేవారు. వినేవాళ్ళకు అర్థం కాకపోతే ఆ తప్పు రాసినవాడిదేనని ఆయన నమ్మకం. ఒకసారి ఒక వాచ్‌మన్ "జర సమజ్ కాలే సార్" అన్నాడని ఆ పేరా ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ రాసుకొచ్చారు. అది అప్పటికే అచ్చయిపోయిన పేపరు, తిరిగి రాసి ఏం లాభం? ఆయనకది పట్టలేదు.

ఇక ఆ పేపరు సంగతి.

ఆఫీసు భవనాల్లో నేలలు తుడిచే, బాత్రూములు కడిగే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళలో హెపటైటిస్-బి ఎంతమందికి ఉందో చూడాలని సార్ ఒక పని మొదలుపెట్టారు. చాలామంది పాలమూరు వైపు నుంచి, వికారాబాదు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ వైరస్ రక్తంలో ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కూర్చుంటుంది. మనిషి బాగానే ఉంటుంది, పని చేసుకుంటుంది. ఎప్పుడో ఒకనాడు కాలేయం చెడిపోయాక గాని తెలియదు. అందుకని ఒకసారి రక్తం తీయడం, ఏడాది తిరిగాక అదే మనిషికి మళ్ళీ తీయడం, ఏం మారిందో చూడటం. ఇదీ ఆ పని.

రక్తం తీసింది నేను. పేర్లు రాసుకున్నదీ నేనే. పది నిమిషాల్లో అందరూ తిరిగి అంతస్తుల మీద ఉండాలని సూపర్‌వైజరు నెత్తి మీద నిలబడ్డాడు. వరస చూస్తే చాంతాడంత ఉంది. ప్రతి ఒక్కరి మెడలోనూ వాళ్ళను పనిలో పెట్టిన ఏజెన్సీ ఇచ్చిన గుర్తింపు కార్డు వేలాడుతోంది. కార్డు చూడటం, నంబరు రాయడం, సూది గుచ్చడం. ఆ రోజు ఎంత వేగంగా పని చేశానో తలచుకుని చాలాకాలం మురిసిపోయాను కూడా.

మొదటిసారి తీసినప్పుడు కొందరికి వైరస్ ఉన్నట్టు తేలింది. సార్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెప్పారు. ఇప్పటికి మందు అక్కర్లేదు, ఏడాదికి మళ్ళీ చూద్దాం అన్నారు. ఏడాదికి మళ్ళీ చూస్తే ఆశ్చర్యం! అందులో సగం మందికి వైరస్ లేనే లేదు. మందు లేకుండా దానంతటదే పోయింది. పెద్దవాళ్ళలో అలా పోవడం చాలా అరుదు. ఎక్కడో ఒకరికి జరుగుతుంది గాని ఇంతమందికి జరగదు. సార్‌కు నిద్ర పట్టలేదు. రక్తాన్ని తిప్పి తిప్పి పరీక్ష చేయించారు. పరీక్షల్లో ఏ తేడా రాలేదు. పేపరు రాశారు. పెద్ద పత్రికలో అచ్చయింది. లిఫ్టులో ఆయన నవ్వు ఇక ఆగింది లేదు. ఆయన రాసిన వాటన్నిటిలో దాని సంఖ్యే వేగంగా పెరిగింది. ఎక్కడెక్కడి నుంచో ప్రసంగానికి రమ్మని పిలుపులు వచ్చాయి. అచ్చయిన రోజు ల్యాబు మొత్తానికి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. బజ్జీ తినరు ఆయన, కడుపులో మంట. ఆ రోజు రెండు తిన్నారు.

ఆచారం ప్రకారం చదివి వినిపించడానికి వెళ్ళాం. ఆ భవనం నేల కింద అంతస్తులో, పార్కింగు పక్కన హౌస్‌కీపింగ్ వాళ్ళ గది. చీపుళ్ళు, బకెట్లు, ఫినాయిలు వాసన. టీ తాగే వేళకు అందరూ చేరారు. సార్ ఒక నీళ్ళ డ్రమ్ము మీద కాగితాలు పరుచుకున్నారు.

"ఇది మన పేపరండి. మీ రక్తంతో రాసిందండి. మనకు ఇక్కడ కుడి పక్కన కాలేయం ఉంటుంది. కార్జం అంటారు చూడండి, అది."

"మటన్ల కార్జమా సార్?" అంది ఒకామె.

"అదేనండి. మేకకున్నట్టే మనక్కూడా ఉంటుంది."

గదంతా నవ్వులు. సార్ కూడా నవ్వి, మెల్లగా అసలు విషయంలోకి వెళ్ళారు. ఈ పురుగు ఎలా వస్తుంది? ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తుంది, బ్లేడుతో వస్తుంది. కలిసి తింటే రాదు, ఒక గ్లాసులో నీళ్ళు తాగితే రాదు. "అన్నిటికంటే ముఖ్యం, కానుపులో తల్లి నుంచి బిడ్డకు వస్తుందండి. చిన్నప్పుడు వస్తే ఇక జన్మంతా ఉండిపోతుంది. కానీ బిడ్డ పుట్టిన పన్నెండు గంటల్లోపల రెండు సూదులు వేస్తే దాదాపుగా ఆపేయొచ్చు. అందుకే తల్లికి ఉందని ముందే తెలియాలి" అన్నారు.

తర్వాత తనకిష్టమైన చోటికి వచ్చారు. "మీలో కొంతమందికి మాత్రం ఇది దానంతటదే పోయిందండి!" అని అందరి వైపూ సంబరంగా చూశారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. మేం కాగితాలు సర్దుకుని సర్వీస్ లిఫ్టు దగ్గరకు వచ్చాం.

వెనకాలే ఒకామె పరుగున వచ్చింది. యాదమ్మ. వైరస్ పోయిన వాళ్ళలో ఆమె ఒకతె. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అక్కా, ఒక్కమాట. సూపర్‌వైజర్‌కు చెప్పొద్దు. నీకు దండం పెడ్త."

"ఏమైంది యాదమ్మా?"

"మొదటిపారి మీరు తీసిన రక్తం నాది కాదక్కా. ఆ దినం నేను రాలే, నాకు జరమొచ్చింది. మా తోటికోడలు రేణుకది రాత్రి డ్యూటీ, అది నా కార్డు ఏసుకొని పొద్దటి డ్యూటీకొచ్చింది. ఒక్క దినం రాకున్నా ఏజెన్సోళ్ళు తీసేస్తరు. అందుకే మాలోపల ఎవలకన్న కష్టమొస్తే ఇంకొకలు కార్డు ఏసుకొని వస్తరు. అందరు అట్లనే చేస్తరు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. సార్ మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

"మరి నీకు పురుగుందని సార్ పిలిచి చెప్పినప్పుడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇద్దరి కొలువు పోదా? రెండోపారి నా రక్తమే తీసిన్రు. పురుగు పోయింది యాదమ్మా అని మీరే అంటిరి. నాకు లేనే లేదు, పోయేదేంది అని నవ్వుకున్న. రేణుకకు గూడ పోయే ఉంటదనుకున్న. అది మంచిగనే ఉండె గదా. గానీ బిడ్డకొస్తదని నాకు తెల్వదక్కా, ఇప్పుడే సార్ చెప్తుంటే విన్న." ఏడుపు తన్నుకొచ్చింది ఆమెకు. "రేణుకకు తొమ్మిదో నెల. పురుడుకని తల్లిగారింటికి పోయి పది దినాలయింది."

లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. మేం ఎక్కలేదు.

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు పేరడగలేదా?" అన్నారు. అండి లేదు. మీరు లేదు. అన్నేళ్ళలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు, అదే చివర. "కళ్ళు లేవా? కార్డు మీద ఫొటో చూసుకోలేదా?"

కార్డుల మీద ఫొటోలు ఎండకు, నీళ్ళకు వెలిసిపోయి మొహాలు తెలిసేవి కావు. నిజమే, కానీ పేరు అడగడానికి నోరుంది కదా నాకు. ఆయన పేపరు పోయినట్టేనని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అది కాదు నన్ను కుదిపేసింది. నా తొందర వల్ల ఒక కడుపులో బిడ్డ, ఇవాళో రేపో పుట్టబోయే బిడ్డ, జన్మంతా మోయాల్సిన జబ్బుతో పుట్టబోతోంది. ఒకవేళ ఇప్పటికే పుట్టేసి ఉంటే?

యాదమ్మతో ఫోన్ చేయించాం. ఇంకా కానుపు కాలేదు. ఊరు పరిగి దాటాక ఉంది. సార్ మారుమాట లేకుండా పక్కనున్న ఆసుపత్రి మందుల దుకాణంలో రెండు సూదులూ కొని, ఐసు పెట్టెలో పెట్టించారు. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాను. సూపర్‌వైజరుకు కడుపునొప్పని చెప్పి యాదమ్మ వెనక ఎక్కింది.

ఇక చూడండి నా అవస్థ. కారు నలభై దాటదు. శంకరపల్లి రోడ్డు మీద ఇసుక లారీలు కూడా మమ్మల్ని దాటి పోతున్నాయి. నాకు ఏడుపొస్తోంది, భయంగా ఉంది, పైగా ఆయన తిట్టారన్న కోపం. ఆగలేకపోయాను.

"జర జల్ది పోనియ్యండి సార్!"

"మనకేదైనా అయితే ఆ సూదులు ఎవరు తీసుకెళ్తారండి?" అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అండి తిరిగొచ్చింది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. కాసేపాగి ఆయనే అన్నారు. "ఇందాక నోరు జారానండి. మన్నించండి. ఫారం తయారుచేసింది నేను. కార్డు నంబరు రాయమన్నాను, పేరడగమని రాయలేదు."

"అయినా నేనడగాల్సింది సార్."

"అడగాల్సిందేనండి" అన్నారు. ఓదార్పుకి కూడా అబద్ధం చెప్పేవారు కాదు.

రేణుక వాకిట్లో చాప మీద కాళ్ళు చాపుకుని పల్లికాయలు ఒలుస్తోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. డాక్టరును, ఐసు పెట్టెను, కళ్ళు వాచిన తోటికోడలిని చూసి బెదిరిపోయి లేవబోయింది. సార్ కూర్చోమని సైగ చేసి తనూ చాప మీద కూలబడ్డారు. వాళ్ళమ్మను "ఎండన పడి వచ్చామండి, కొంచెం టీ పెట్టిస్తారా" అని లోపలికి పంపారు. ఆయనకు టీ మీద యావ లేదు. ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి, అంతే.

"ఏం పేరండి మీది?" అని నేనే అడిగాను. తెలిసి కూడా అడిగాను. అప్పటినుంచి ఇప్పటిదాకా పేరు అడగకుండా ఎవరికీ సూది గుచ్చలేదు.

వేలి చివర రక్తం తీసి చిన్న పట్టీ మీద వేశాను. రెండు గీతలు తేలాయి. ఉంది.

"మీ ఒంట్లో ఒక వైరస్ ఉందండి. మీకు ఇప్పుడు వచ్చిన భయమేం లేదు. ఇది మొదటిసారి రక్తం తీసినప్పుడే మాకు తెలియాల్సింది. మీ రక్తాన్ని వేరేవాళ్ళ పేరు మీద రాసుకున్నాం. తప్పు మాది. ముందే తెలిసుంటే మీకు మందు కూడా మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడు మిగిలిందల్లా బిడ్డ పుట్టగానే ఈ సూదులు వేయించడమండి" అన్నారు సార్.

రేణుక చేతిలోని పల్లికాయను పక్కన పెట్టింది. "మా ఇంటాయనకు చెప్తరా?"

"నేను చెప్పనండి. మీరు చెప్పాలి. ఆలుమగల మధ్య కూడా వస్తుంది కాబట్టి ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలి కదా."

"నా బిడ్డకు మాత్రం రాకుండ చూడున్రి సార్" అంది. అంతే అడిగింది.

ఆమె కానుపు జరగబోయే దవాఖానకు వెళ్ళాం. అక్కడి నర్సమ్మ నిదానంగా విని, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి సూదులు పెట్టించుకుంది. సార్ తెల్లకాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు: 'రేణుక గారి బిడ్డకు. పుట్టిన వెంటనే. ఏ వేళైనా సరే.' కింద తన నంబరు వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. తిరుగు ప్రయాణంలో కూడా నలభయ్యే. ఈసారి నేనేమీ అనలేదు.

తర్వాతి అయిదు రోజులూ సార్ మనిషి మనిషిలా లేరు. ఒక పక్క పరిగి నుంచి ఫోను కోసం చూపు, ఇంకో పక్క పేపరు. ఆ భవనానికి మళ్ళీ వెళ్ళి, చీపుళ్ళ గదిలో ఒక్కరే కూర్చుని, ఒకరి కార్డు మీద ఇంకొకరు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి చెప్పమన్నారు. ఏజెన్సీకి పొక్కనివ్వనని మాట ఇచ్చారు. ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పి పోయారు. వైరస్ 'పోయిన' వాళ్ళందరూ అలాంటివాళ్ళే. ఎవరికీ ఏదీ పోలేదు. పాత రక్తం ఎవరెవరిదో వాళ్ళందరినీ వెతికి పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. ఒక్కరిని కూడా వదల్లేదు.

"చిన్న సవరణ వేస్తే సరిపోతుంది, పేపరు మొత్తం వెనక్కి తీసుకుంటే మీ పేరేం కావాలి?" అన్నారు సాటి డాక్టర్లు. ఆయన వెంటనే కాదనలేదు, నిజం చెప్పాలి. ఒక మధ్యాహ్నమంతా గది తలుపు వేసుకున్నారు. నేను కాగితాలివ్వడానికి వెళ్తే ఆ పేపరును పెదవులు కదుపుతూ చదువుకుంటున్నారు, వదిలిపెట్టబోయే ముందు ఇంకొక్కసారి చూసుకుంటున్నట్టు. బాధగా ఉందా సార్ అని అడిగాను, తెలివితక్కువగా. "నొప్పిగానే ఉందండి" అన్నారు. సాయంత్రానికి ఉత్తరం పంపేశారు. అందులో నా పేరు లేదు. పిలుపులిచ్చిన వాళ్ళు కొందరు పిలుపులు వెనక్కి తీసుకున్నారు. పొద్దున లిఫ్టులో ఫోను జేబులోనే ఉండిపోయేది.

పరిగికి వెళ్ళొచ్చిన అయిదో రోజున, మేం భోజనాలు చేస్తుండగా ఫోను. నర్సమ్మ.

"సార్, ఆడపిల్ల. రెండు సూదులు ఇచ్చిన."

"పుట్టిన ఎంతసేపటికి ఇచ్చారండి?"

"అర్ధగంట గూడ కాలే సార్."

సార్ ఫోను పెట్టేసి, పెరుగన్నంలో చెయ్యి అలాగే ఉంచి కళ్ళు మూసుకున్నారు. నేను లేచి బాత్రూములోకి వెళ్ళి హాయిగా ఏడ్చుకున్నాను.

ఇక్కడితో భయం పోలేదు. సూదులు దాదాపు అందరికీ పనిచేస్తాయి. ఆ 'దాదాపు' అన్న మాటే మమ్మల్ని నెలల తరబడి తినేసింది. మిగతా టీకాలన్నీ అయి, పాపకు తొమ్మిది నెలలు నిండాక గాని పరీక్ష చేయడానికి లేదు.

ఈలోపు సార్ ఇంకో పని చేశారు. వెనక్కి తీసుకుంటూ రాసిన ఉత్తరాన్ని కూడా ఆ నేల కింద గదికి తీసుకెళ్ళి, అదే డ్రమ్ము మీద పెట్టి తెలుగులో చదివి వినిపించారు. పేపర్లో చెప్పింది నిజం కాదు, రక్తం ఎవరిదో అడక్కుండా రాశాం, పొరపాటు నాది అని అంతా చెప్పారు. కార్జం గురించి అడిగిన ఆవిడే లేచింది.

"పోతే పోయింది తియ్యి సార్. మళ్ళ గుంజుకోన్రి రక్తం, మేమేమన్న కొనుక్కొస్తున్నమా? ఈపారి మా పేర్లే చెప్తం."

సార్‌కు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వగా అప్పుడే చూశాను.

చివరికి ఆ రోజు వచ్చింది. రేణుక పాపనెత్తుకుని యాదమ్మను తోడు తీసుకుని ల్యాబుకు వచ్చింది. ఆమె మొగుడు పరీక్ష చేయించుకున్నాడు, అతనికి లేదు. టీకాలు వేయించుకుంటున్నాడు. పాప పేరు అడిగి రాసుకుని, ఆ చిట్టి చేతి నుంచి రక్తం తీశాను. ఫలితం రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నాను. వాళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పోతూ వస్తూ చూస్తున్నాను. రేణుక పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది గానీ దాని మొహం అవతలికి తిప్పి పట్టుకుంది. పాప వెనక్కి తిరిగి మీద పడబోతే నెమ్మదిగా మళ్ళీ అటే తిప్పుతోంది. పాప ఏడిస్తే యాదమ్మే ఎత్తుకుని బుగ్గలు పుణికి ఆడించింది. రేణుక అలా తిప్పడం ఉక్కపోతకేమో అనుకున్నాను.

ఫలితం చూసి సార్ నా చేత కూడా రెండుసార్లు చదివించారు. పాపకు వైరస్ లేదు. రానివ్వని శక్తి రక్తంలో నిండుగా ఉంది. కాగితం పట్టుకుని ఆయనే వరండాలోకి వెళ్ళారు.

"లేదండి. పాపకు లేదు. ఇక రాదు కూడా."

యాదమ్మ గోడకు ఆనుకుని భోరుమంది. రేణుక ఏడవలేదు, నవ్వలేదు. సార్ మొహంలోకి అలాగే చూస్తూ అడిగింది.

"అయితే ఇగ ముద్దు పెట్టుకోవచ్చా సార్?"

సార్‌కు అర్థం కాలేదు. "ఏంటండీ?"

"పిల్లను. ముద్దు పెట్టుకోవచ్చా అని."

"మీరు ఇన్ని నెలలూ..."

"పెట్టుకోలే సార్. పాలియ్యొచ్చన్నరు, ఇచ్చిన. కలిసి తినొచ్చన్నరు, తిన్నం. ముద్దు సంగతి ఎవలు చెప్పలే."

"అడగొచ్చు కదండీ!"

"సిగ్గయింది సార్. ఏమన్నయితదేమోనని భయమయింది."

సార్ బెంచీ చివర కూర్చుండిపోయారు. కాగితం చేతిలోనే ఉంది. "ముప్పై ఏళ్ళు రాశానండి దీని గురించి" అన్నారు, నాతోనో ఆమెతోనో తెలియదు. "ఎలా వస్తుంది, ఎలా పోతుంది, అన్నీ రాశాను. ముద్దు పెట్టుకోవచ్చని ఒక్కచోట రాయలేదు." కళ్ళజోడు తీసేశారు. "పెట్టుకోండమ్మా. మొదటి రోజు నుంచీ పెట్టుకోవచ్చు. పెట్టుకోండి."

రేణుక పాపను తన వైపు తిప్పుకుంది. ఒక బుగ్గ, ఇంకో బుగ్గ, కళ్ళు, ముక్కు, మెడ వంపు, పిడికిళ్ళు, ఏదీ వదల్లేదు. అలవాటు లేని ఆ ముద్దులకు పాప కంగారుపడి, కాళ్ళు తన్నుకుంటూ ఆరున్నొక్క రాగం అందుకుంది. మాలో ఎవ్వరమూ రేణుకను ఆపలేదు.